గిడ్డమ్మ కుందేలుకు భయం నేర్పింది

కడుపున పిల్లలు లేని మనిషి కాబట్టి ఉడతల్నీ కౌజు పిట్టల్నీ పెంచుకుంటోందని గిడ్డమ్మ గురించి మా ఊళ్ళో అనేవాళ్ళు. ఒట్టి అబద్ధం. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. ఒకర్ని ఆలూరికి, ఒకర్ని దేవనకొండకు ఇచ్చింది. మనవళ్ళు కూడా ఉన్నారు. అయినా లోకానికి ఏదో ఒక కారణం కావాలి కదా! ఆడది కుక్కపిల్లను ముద్దు చేస్తే కడుపు పండలేదంటారు. మొగవాడు కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా నిమిరితే పౌరుషమంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. గిడ్డమ్మకు మండేది కాదు. "అననీలే రత్నమ్మా, నోరుండేది అనేకే గదా" అనేది, ఉడతపిల్ల నోటికి పాల వత్తి అందిస్తూ.

నా పేరు సుబ్బరత్నమ్మ. మాది మైదుకూరు పక్క. పెళ్ళయి ఈ బండగట్టుకు వచ్చి పడ్డాను. పత్తికొండకు పడమరగా, రాళ్ళూ తంగేడు పొదలూ తప్ప కంటికి ఇంకేమీ ఆనని చోట ఉంది మా ఊరు. మా ఆయనకు నూనె గానుగ ఉండేది. మా గానుగ కొట్టానికీ గిడ్డమ్మ ఇంటికీ నడుమ ఒకటే మట్టిగోడ. పెరటి వైపు ఆ గోడ నా భుజం దాకా ఉండేది. అటు మాటలు ఇటు, ఇటు కూరలు అటు పోతుండేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ ఊళ్ళో మనసు విప్పి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

గిడ్డమ్మ మొగుడు మారెన్న వేటగాడు. బోయవాళ్ళకు అది తాతల నాటి పని. వల కట్టి కుందేళ్ళను, ఉచ్చులు పెట్టి కౌజులను పట్టేవాడు. తల్లి కుందేలు వలలో పడ్డాక పొదలో పిల్ల మిగిలితే, దాన్ని పంచె చెంగులో వేసుకొచ్చి పెళ్ళాం ముందు దించేవాడు. "ఇదో, నీ సంసారం" అనేవాడు. ఉచ్చులో కాలు విరిగిన పిట్ట, చెట్టు మీంచి పడ్డ ఉడత, ఏదైనా సరే ఆ ఇంటి వసారాలోకి చేరితే బతికేది. బోర్లించిన గంపల కింద ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతుండేది.

కుందేలు పిల్లను సాకడం అందరికీ చేతనయ్యే పని కాదు. నేను ఒకదాన్ని తెచ్చుకుని ఆవుపాలు తాగించాను. పారుడు పట్టుకుని మర్నాటికి చచ్చింది. గిడ్డమ్మ నన్ను తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మేకపాలే పట్టాలి, అదీ నీళ్ళు కలిపి గోరువెచ్చగా. దూది వత్తి ముంచి నోటి పక్కనుంచి అందించాలి, నడిమధ్య పెడితే పొరబోతుంది. పాలు పట్టాక తడి గుడ్డతో పొట్ట కింద మెల్లగా రుద్దాలి, తల్లి నాకినట్టు. అప్పుడే దానికి ఒంటికి రెంటికి అవుతుంది. ఎండలో ఇల్లు కాగిపోతుంది కాబట్టి, పగిలిన పెద్ద నీళ్ళ కాగును పక్కకు పడుకోబెట్టి, లోపల తడి ఇసుక పోసి అందులో ఉంచాలి. కాస్త పెరిగాక గరిక, శనగాకు, బుడ్డల ఆకు, అంటే వేరుశనగ ఆకు. ఇవన్నీ ఆమెకు ఎవరు నేర్పారని అడిగితే, "సచ్చినవి నేర్పినాయి" అంది.

ఇక మా ఊరి పారువేట సంగతి చెప్పాలి. ఉగాది మర్నాడు నరసింహస్వామి పల్లకీని ఊరి బయట వేట బీడుకు తీసుకుపోతారు. అక్కడ దేవుడి ముందు ఒక అడవి కుందేలును వదులుతారు. మెడకు పసుపు దారం కట్టి, నొసట కుంకుమ పెట్టి వదులుతారు. తప్పెట్లు మోగుతాయి, కుక్కల్ని వదులుతారు, మగవాళ్ళంతా కట్టెలు పట్టుకుని "హో! ఉరుకు! ఉరుకు!" అని కేకలేస్తూ వెంటపడతారు. కుందేలు బాగా ఉరికితే ఆ యేడు వానలు బాగా పడతాయని నమ్మకం. దొరికినా మంచిదే, అది దేవుడి వేట. దొరక్కుండా పొలిమేరలో ఉన్న వాగు, మా మాటలో వంక, దాటితే ఇంకా మంచిది, దాన్ని దేవుడే వదిలేశాడని ఎవరూ ముట్టుకోరు. ఉరక్కుండా కూర్చుందా, ఊరికి అరిష్టం.

ఆ కుందేలును తెచ్చే హక్కు మారెన్న ఇంటిది. అందుకు ప్రతిఫలంగా వంక పక్కన ఉన్న వేట మాన్యం, అంటే దేవుడి సేవకింద ఇచ్చిన చేను, వాళ్ళు దున్నుకునేవాళ్ళు. కొర్రలూ జొన్నలూ పండేవి. ఆ ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే. ఏ యేడైనా కుందేలును తేలేకపోతే, తెచ్చింది ఉరక్కపోతే, మాన్యం ఆ ఇంటి నుంచి పోతుంది. దాని మీద కన్నేసి కూర్చున్నవాడు మారెన్న దాయాది చిన్న ఈరన్న.

నందన సంవత్సరం కరువు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. బావుల్లో బొక్కెన రాతికి తగిలేది. గంజి పోసే కొట్టాల ముందు ముంతలు పట్టుకుని రెడ్డీ లేదు, బోయా లేదు, అందరూ నిలబడ్డారు. తంగేడు గింజలు కూడా ఉడకేసుకున్నారు. అలాంటప్పుడు అడవిలో కుందేళ్ళు మిగులుతాయా? వల చేతకాని వాళ్ళు కూడా రాళ్ళు పట్టుకుని పోయి కొట్టుకొచ్చి తిన్నారు. ఉగాది దగ్గర పడేసరికి మా చుట్టుపక్కల గుట్టల్లో కుందేలు పెంటిక కూడా కనిపించలేదు. మారెన్న పొద్దున పోయి సాయంత్రం ఖాళీ వలతో వచ్చేవాడు.

ఊరు మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క కుందేలు గిడ్డమ్మ ఇంట్లో ఉంది. దాని పేరు బుడ్డోడు. వానాకాలంలో గుప్పెట్లో పట్టేంతప్పుడు వచ్చింది. ఇప్పుడు పిల్లి కన్నా పెద్దది. ఆమె అన్నం వండుతుంటే పొయ్యి పక్కన, విసురుతుంటే తిరగలి పక్కన, పడుకుంటే కాళ్ళ దగ్గర. తనకు గంజి లేని రోజు కూడా ఎక్కడెక్కడో తిరిగి దానికి పిడికెడు గరిక తెచ్చేది. వీధిలో ఆకలితో మాడుతున్న వాళ్ళు దాని వంక చూసే చూపులు నాకు తెలుసు. అందుకే ఆమె దాన్ని గడప దాటనిచ్చేది కాదు.

ఒకరోజు ఊరి పెద్ద తిమ్మప్ప గిడ్డమ్మ వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల చిన్న ఈరన్న. నేను గోడ దగ్గర బుడ్డలు చెరుగుతున్నాను.

"ఏమప్పా మారెన్నా, దొరికిందా యాడన్నా?" అన్నాడు తిమ్మప్ప.

"గుట్టల అవతల జాడ ఉండాదప్పా. రేపో మాపో పడుతుంది."

"పడకపోతే?" అన్నాడు ఈరన్న. "ఇంట్లో ఒకటి మేపుతాండారు గదా. ఆకర్న దాన్నే తెచ్చి ఇడుస్తారేమోనప్పా. పాలు పోసి సాకిన దాన్ని దేవుడి ముందర ఇడిస్తే ఊరు ఏం కావాల?"

తిమ్మప్ప మొహం గంటు పెట్టుకున్నాడు. "అట్లాంటి పని సేసినావనుకో, మాన్యం సంగతి అటుండనీ, ఊర్లో ఉండేది గూడా కష్టమే మారెన్నా."

గిడ్డమ్మే లోపల్నుంచి వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అదింకా యాడుందప్పా! మొన్ననే పిల్లి మెడ కొరికి ఈడ్చకపోయె. నా సేతులార సాకితిని" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. నిజంగానే కళ్ళనీళ్ళు కారాయి. తిమ్మప్ప "పోనీలేమ్మా, నోరు లేని జీవం" అని పోయాడు. ఈరన్న వసారాలో ఉన్న గంపలన్నీ ఒకసారి చూసి పోయాడు.

బుడ్డోడు అప్పుడు లోపలి గదిలో, ఖాళీ గాదె వెనకాల ఉంది.

వాళ్ళు పోయాక నేను గోడ మీంచి తొంగి చూస్తే మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. "దాన్నే ఇడుస్తాం" అన్నాడు మారెన్న. "గుట్టల అవతల పట్టినానని సెప్తా."

"కుక్కలు సంపుతాయి."

"వంక దాటితే సంపవు గదా! మేపిన జీవం, కాళ్ళల్లో బలముండాది. దాటుతుంది. మాన్యం ఉంటాది, అది గూడా ఉంటాది. ఇడవకపోతే మాన్యం పోతాది. ఇంగ మనం దాన్నే కోసుకోని తినాల్సొస్తాది, ఆలోసన సెయ్."

ఆ మాటలో తప్పేముంది? ఎంత వెతికినా నాకు కనిపించలేదు. గిడ్డమ్మ కూడా చివరికి తల ఊపింది.

అప్పుడు మారెన్న వాకిలి తలుపు గడియ పెట్టి, కుందేలును పెరట్లోకి తెచ్చి వదిలాడు. నాలుగడుగులు వెనక్కి పోయి, చప్పట్లు చరిచి, గొంతు అణచుకుని "హో! ఉరుకు!" అన్నాడు. బుడ్డోడు చెవులు నిక్కించి చూసింది. గెంతుకుంటూ అతని దగ్గరికే వచ్చి కాలి బొటనవేలు వాసన చూసింది. అక్కణ్ణుంచి పోయి గిడ్డమ్మ కుచ్చిళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. నేను పకపకా నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. వాళ్ళ మొహాలు చూశాక నా నవ్వు కూడా ఆగిపోయింది.

"ఇది ఉరకదు" అన్నాడు మారెన్న. "దీనికి భయమే లేదు. నువ్వు నేర్పిల్యా."

"ఎట్ల నేర్పేది?"

"ఎట్ల నేర్పుతారు? కొట్టి."

అతను రోజూ వల పట్టుకుని అడవికి పోక తప్పదు. పోకపోతే ఈరన్నకు అనుమానం వస్తుంది. ఇంకొకరి చేత చేయిస్తే బయటపడుతుంది. ఇక మిగిలింది గిడ్డమ్మ. మధ్యాహ్నం ఊరంతా గంజి కొట్టాల దగ్గరికి పోయే వేళ, ఆమె చింత బరిక పట్టుకుని గాదె గదిలోకి పోయి తలుపు వేసుకునేది.

మొదటి రోజు బరికతో నేలను కొట్టింది. ఆ చప్పుడు నాకు గానుగ కొట్టంలోకి వినిపించింది. "ఉరుకు! ఉరుకు!" అంటుంది, నేలను కొడుతుంది. బయటికి వచ్చి, "నేలను కొడితే ఆడికొచ్చి మూతి పెడతాండాది రత్నమ్మా. ఆట అనుకుంటాండాది" అంది. నేను చేసిన జొన్నరొట్టె తుంపి ఇస్తే తినలేదు.

రెండో రోజు దాన్నే కొట్టింది. కుందేలుకు గొంతు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎంతో కాలంగా చూస్తున్నాను, ఒక్కటి కూడా నోరు తెరిచి అరవగా వినలేదు. ఆ రోజు గోడ అవతల పసిబిడ్డ గుక్కపెట్టినట్టు వినిపించింది. చేతిలో ఉన్న చేట పడేసి గోడ దగ్గరికి ఉరికాను. "గిడ్డక్కా! ఆపు! నీకేమన్నా పిచ్చి పట్టిందా!" అని అరిచాను. బరిక చప్పుడు ఆగలేదు. ఆ తల్లి చేతులేనా ఇవి అనిపించింది.

తలుపు తీసుకుని బయటికి వచ్చాక ఆమెను కడిగి పారేశాను. పాపిష్టిదానా అన్నాను. మాన్యం పోతే పోనీ, మా గానుగలో పని చేసుకో అన్నాను. ఆమె పెరట్లో కూలబడి అరచేతులు చూసుకుంటూ అంది: "నా కొంగు కిందికే దూరుతాండాది. నేను కొడ్తాంటే, నా కొంగు కిందికే. ఇంగా గట్టిగా కొట్టాల." నా తిట్లు ఆమె చెవికి ఎక్కలేదు.

తర్వాత ఆమె పద్ధతి మార్చింది. ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి కదా, దీన్నీ అలాగే చేసింది. చేత్తో మేత పెట్టడం మానేసింది. కొట్టి, గరిక విసిరేసి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఒళ్ళు నిమరడం, పేరు పెట్టి పిలవడం మానేసింది. కాళ్ళ మీద దెబ్బ పడితే ఉరకలేదని, వీపు మీదే కొట్టేది. దెబ్బకు తోలు చిట్లితే దేవుడికి పనికిరాదని, హద్దు దాటకుండా లెక్కగా కొట్టేది. వాపు వచ్చిన చోట పసుపూ ఆముదమూ రాసేది. రాసేటప్పుడు కూడా మొహం గట్టిగా పెట్టుకుని రాసేది. నాకు ఆ పసుపు రాయడం చూస్తే దెబ్బల కన్నా భయమేసింది.

మెల్లగా అరుపులు తగ్గాయి. ఒకనాడు నన్ను పిలిచి గది వాకిట్లో నిలబెట్టింది. గాదె పక్కన మూలలో బుడ్డోడు గోడకు అతుక్కుని ఉంది. నేను అడుగు వేస్తే చెవి కదిలించింది, అంతే. గిడ్డమ్మ గడపలో కాలు పెట్టిందో లేదో, ఆ జంతువు గోడకు ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. గది చుట్టూ పిచ్చెత్తినట్టు తిరిగి, గాదె కింద సందులో దూరి, బొచ్చు ఊడిపోతున్నా లోపలికి తోసుకుంటూనే ఉంది. "సూసినావా?" అంది గిడ్డమ్మ. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా సంతోషం. "నేర్సుకుండాది రత్నమ్మా! ఉరుకుతాది. దాటుతాది!"

ఏమనాలి? బాగుందనాలా? నేను ఇంటికి వచ్చేశాను.

విజయ నామ ఉగాది వచ్చింది. మర్నాడు మారెన్న గుడ్డ కప్పిన గంపతో వేట బీడుకు పోయాడు. గుట్టల అవతల తెల్లారుజామున పడిందని చెప్పాడట. ఈరన్న గంపలో చెయ్యి పెట్టి చూశాడట. తప్పెట్ల మోతకు ముడుచుకుని వణుకుతున్న జంతువును చూసి, మచ్చికదని అనుకోవడానికి వాడికి సందు దొరకలేదు.

వేట బీడుకు ఆడవాళ్ళు పోకూడదు. అయినా గిడ్డమ్మ ఆగలేదు. "అది దాటేది నా కండ్లతో సూడాల" అంది. ఎండుకట్టెలు ఏరుకునే నెపంతో నన్ను వెంటబెట్టుకుని, ఊరి చుట్టూ తిరిగి, పొలిమేర వంక అవతలి గట్టుకు తీసుకుపోయింది. అక్కడ పక్క ఊరి పొలం. వేటగాళ్ళు దాన్ని దాటి రారు. నీళ్ళు లేని వంకలో తెల్లటి ఇసుక తప్ప ఏమీ లేదు. ఇద్దరం తంగేడు పొద చాటున కూర్చున్నాం. ఆమె ఏదో పెళ్ళికి వచ్చినట్టు తల దువ్వుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. "దాటినాక ఆ పొలంలో బతుకుతాదిలే. మొన్న సూసినా, ఆడ బావి గట్టున గరిక పచ్చగా ఉండాది" అంది.

తప్పెట్లు మోగాయి. "హో! ఉరుకు!" అని ఊరి మగవాళ్ళంతా ఒక్కసారి అరిచిన కేక ఇక్కడికి వినిపించింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము ముందర, నేల మీద కాలు ఆనుతోందా లేదా అన్నట్టు వస్తోంది బుడ్డోడు. చెవులు వీపుకు అతుక్కుపోయాయి. కుక్కలు చాలా వెనక. ఒక కుక్క పక్కనుంచి కోసుకు వస్తే అటు తిరిగినట్టే తిరిగి ఇటు దూకింది. అంత మంచి పరుగు మా ఊళ్ళో ఎన్నడూ చూడలేదని తర్వాత ముసలివాళ్ళు కూడా ఒప్పుకున్నారు. నేను కూడా అన్నీ మరిచిపోయి, "రా తల్లీ, రా, రా" అని గొణుక్కుంటున్నాను. అది ఇవతలి వైపుకే, సూటిగా మేమున్న చోటికే వస్తోంది. వంక గట్టు దిగింది. ఇసుకలో పడింది. ఇంకో నాలుగు గెంతులేస్తే దాటేస్తుంది.

గిడ్డమ్మ లేచి నిలబడింది.

ఆమె ఏమీ అనలేదు. పిలవలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు. సంతోషం పట్టలేక లేచి నిలబడింది, అంతే. బుడ్డోడు ఇసుక మధ్యలో ఠక్కున ఆగింది. తల ఎత్తి ఆమెను చూసింది. కుక్కలంటే ఏమిటో దానికి తెలియదు. కట్టెలు పట్టుకున్న మగవాళ్ళెవరో తెలియదు. గిడ్డమ్మ ఎవరో తెలుసు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే, కుక్కలకు ఎదురుగా ఉరికింది.

నేను గిడ్డమ్మ జబ్బ పట్టుకుని కిందికి లాగాను. ఆమె కూర్చోలేదు. చూస్తూనే ఉంది. అవతలి గట్టు మీద కుక్కలు కలబడ్డాయి. ఆ పసిబిడ్డ అరుపు ఒక్కసారి వినిపించి, తప్పెట్లలో కలిసిపోయింది. అటు నుంచి జనం కేకలు: "పడింది! స్వామి వేట పడింది!" టెంకాయలు కొట్టారు. ఊరంతా సంబరం. గిడ్డమ్మ చాలాసేపటికి వంగి, ఏరిన కట్టెలు మోపు కట్టి నెత్తిన పెట్టుకుంది. దారంతా నేనే వాగుతూ, ఈరన్ననూ తిమ్మప్పనూ దేవుణ్ణీ తిడుతూ నడిచాను.

ఆ పూట మారెన్న మెడలో పూలదండ వేసుకుని ఇంటికి వచ్చాడు. ఊరంతా మెచ్చుకున్నారట. బాగా ఉరికింది, వేటా దక్కింది, ఇంకేం కావాలి? మాన్యం ఆ ఇంటికే నిలబడింది. స్వామి భాగమని ఆకులో చుట్టి ఒక తొడ ఇచ్చి పంపారు. కుందేలును తెచ్చిన ఇంటికి అది మర్యాద.

"వంక దగ్గర ఎందుకు తిరుక్కునిందో నాకు అర్థం కాల్యా" అన్నాడు మారెన్న. "దాటినట్టే దాటి తిరుక్కునె."

గిడ్డమ్మ ఆకు అందుకుని, కారం నూరుకోవడానికి మా ఇంటికి అల్లం కోసం వచ్చింది. "వండుతావా?" అన్నాను. "వండకపోతే?" అంది. వండింది. కరువు రోజులు, మాంసం వాసన చూసి ఎన్నాళ్ళయిందో. తిన్నావా అని మర్నాడు అడిగాను. "తిన్యా" అంది. "మంచిగుండె."

ఆ తర్వాత వసారాలో ఉన్న జీవాలను ఆమె పట్టించుకోలేదు. కొట్టలేదు, తిట్టలేదు, ఊరికే మరిచిపోయింది. కాలు విరిగిన కౌజు గంప కిందనే మేత లేక చచ్చింది. ఉడతల్ని పిల్లి ఒక్కొక్కటిగా పట్టుకుపోయింది. పోయినవాటిని చూసి ఆమె అయ్యో అనలేదు. నేను రెండింటిని తెచ్చుకున్నాను గానీ నా చేతిలో ఏదీ బతకదు.

ఆ యేడు వానలు పడ్డాయి. పడక మానవు కదా, ఎన్నాళ్ళని పడవు? కుందేలు పరుగు వల్లేనన్నారు. కర్నూలు రాజధాని అయిందని పత్తికొండ దాకా ఒకటే హడావుడిగా ఉన్న ఆ రోజుల్లో కూడా మా ఊరి రచ్చకట్ట మీద ఆ పరుగు గురించే మాట్లాడుకున్నారు. తిమ్మప్ప మారెన్నను పిలిపించాడు. "మల్లొచ్చే ఉగాదికి గూడా అట్లాంటిదే తేవాలప్పా. ఆ గుట్టల అవతలిదే తే. మందకొడి వాటిని తెస్తే ఊరు ఒప్పదు" అన్నాడు. ఈరన్న పక్కనే కూర్చుని ఉన్నాడట.

ఇక మారెన్న ఏం చేస్తాడు? కరువు దాటిన అడవి కుందేలుకు మేపిన దాని కాళ్ళ బలం ఎక్కడిది? గుట్టలు తిరిగి, పొద కింద ఒక పిల్లను పట్టి చెంగులో వేసుకొచ్చాడు. నేను అప్పుడు వాళ్ళ వసారాలోనే ఉన్నాను. గుప్పెడంత ప్రాణం. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మూతి అదురుతోంది. మారెన్న ఈసారి సంసారమనీ ఏమనీ అనలేదు. గిడ్డమ్మ చేతిలోకి తీసుకుంది. పొట్ట తడిమి చూసింది. మేకపాలు వెచ్చబెట్టింది, వత్తి ముంచి నోటి పక్కనుంచి పట్టింది, తడి గుడ్డతో రుద్దింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాత గిడ్డక్క తిరిగి వచ్చిందనుకున్నాను.

పాలు పట్టడం అయ్యాక దాన్ని నేల మీద దించి, చూరులోంచి సన్నటి బరిక తీసి నా చేతికి ఇచ్చింది.

"కొట్టు" అంది.

"ఏందే?"

"నేనొక్కదాన్నే కొడితే నన్ను సూసే భయపడుతుంది. పోయిన తూరి అదే తప్పు సేసినా. మనిషంటేనే భయం పుట్టాల. అందరంటే. మారెన్న కొడతాడు, నేను కొడతా. నువ్వు గూడా కొట్టు. మెల్లగా కొడితే సాలు, ఇంగా పసిది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బరిక రెండుగా విరిచి ఆమె మొహాన కొట్టాను. "నువ్వు మనిషివేనా? నీ మాన్యం తగలబడ! ఇంకోసారి నా గడప తొక్కావంటే చూడు" అని అరిచాను. ఆమె కోపగించుకోలేదు. విరిగిన ముక్కలు ఏరి పక్కన పెట్టింది. "అట్లయితే పోనీ రత్నమ్మా. నీ పాత చీర ఒకటియ్యి" అంది. చలికాలం వస్తోంది, పిల్లకు పరుపు కావాలి కాబోలనుకున్నాను. తిట్టుకుంటూనే పోయి, ఉతకాల్సిన గుడ్డల్లోంచి ఒక పాత చీర తీసి గోడ మీంచి విసిరేశాను.

మర్నాడు మధ్యాహ్నం నేను గానుగ కొట్టంలో నూనె తీశాక మిగిలిన చెక్క ఎత్తుతున్నాను. గోడ అవతల గాదె గదిలోంచి ఎవరో ఆడమనిషి కేకలు వినిపించాయి. ముందు ఎవరో తెలియలేదు. "నువ్వు మనిషివేనా? నా గడప తొక్కావంటే చూడు!" ఆ వెంటనే బరిక చప్పుడు. పోయి గోడ మీంచి చూశాను. కిటికీ సందులోంచి నా చీరే కనిపించింది. గిడ్డమ్మ దాన్ని నాలాగే కుచ్చిళ్ళు దోపుకుని కట్టుకుంది. అచ్చం నా గొంతుతో అరుస్తూ, ఆ పసిదాన్ని కొడుతోంది.